చదివి వినిపించినవారి సంతకం

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. బరంపురం ఖల్లికోట కాలేజీలో బీకాం చదివి, బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లుగా మొదట లెడ్జర్లూ ఆ తరవాత కంప్యూటర్లూ చూస్తూ వచ్చినవాణ్ణి. ఈ పత్రికలో కథల మీదా కవితల మీదా వచ్చే విమర్శలు చదివి, ఒక రచన ముందు కూర్చున్నప్పుడు ఏమేం అడగాలో కొంత నేర్చుకున్నాను. మాట్లాడుతున్నదెవరు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ మాట నమిలి మింగారు - ఇవీ ఆ ప్రశ్నలు. వాటిని ఈసారి రెండు చిన్న రచనలకు వేసి చూస్తాను. రెండింటి మీదా రచయిత పేరుండదు. ఒకటి, ఆపరేషనుకు ముందు ఆసుపత్రివారు సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం. రెండోది, ఆసుపత్రి గోడ మీద వేలాడదీసే రోగుల హక్కుల పట్టిక. ఇవి సాహిత్యమా అని సంపాదకులు అడగవచ్చు. మనుషుల జీవితాల మీద వీటికున్నంత ప్రభావం మన నవలలకు లేదన్నదే నా సమాధానం.

ఈ ఆలోచన నాకు పుస్తకాల్లోంచి రాలేదు, మా పిన్ని వల్ల వచ్చింది.

2019లో ఆమెకు 71 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయన్నారు. భువనేశ్వర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాను. డాక్టరు మంచివాడే. వరండాలో నన్ను పక్కకు పిలిచి, పొట్ట మీద మూడు నాలుగు చిన్న చిల్లులు పెట్టి తీసేస్తామనీ, మర్నాడు నడిపిస్తామనీ చెప్పాడు. లోపలికి వెళ్లి పిన్నికి అదే చెప్పాను. తరవాత నర్సు నాలుగు పేజీల కాగితాలు తెచ్చింది. అంతా ఇంగ్లీషు. కింద రోగి సంతకానికో గీత, బంధువు సంతకానికో గీత. పిన్ని కళ్లజోడు పెట్టుకుని చెయ్యి చాచింది. నర్సు ఆమెను చూసి, నన్ను చూసి, ఒడియాలో 'మాఉసీ టిప దెబే' అంది. పెద్దమ్మ వేలిముద్ర వేస్తుంది అని.

పిన్నికి ఒడియా చదవడం రాదు గానీ వినడం బాగా వచ్చు. డెబ్బై ఏళ్లు బరంపురంలో బతికిన మనిషి. ఎస్సెల్సీ దాకా తెలుగులో చదివింది. ఈ పత్రిక ప్రతి నెలా మొదట ఆమె చేతికి వెళ్లి, ఆ తరవాతే నా దగ్గరకు వస్తుంది; కథ నచ్చకపోతే మార్జిన్‌లో పెన్సిలుతో గీత పెట్టి మరీ ఇస్తుంది. ఆ మనిషిని వేలిముద్ర వెయ్యమన్నారు. ఆమె ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టేసి, 'నువ్వే పెట్రా' అంది. నేను నాలుగు చోట్ల సంతకం పెట్టి, బంధుత్వం దగ్గర అక్క కొడుకు అని రాశాను. ఒక్క వాక్యం చదవలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆపరేషన్ మధ్యలో లోపల కండ బాగా అతుక్కుపోయి ఉందని, చిల్లులతో పని జరగక పొట్ట కోసి చేశారు. అలా చెయ్యవలసి రావడం వైద్యంలో మామూలేనట. ఆ డాక్టరు చేసిన పనిలో తప్పుందని ఆ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను. కానీ మూడో రోజున కట్టు మార్చేటప్పుడు పిన్ని తన పొట్ట తాను చూసుకుంది.

'ఒరే, చిన్న చిల్లులన్నావు గదరా. ఇదేటి?'

చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, 'ఇలాగా అవ్వొచ్చని వాళ్లకి ముందే తెలుసా?' అంది. తెలుసన్నాను. 'నీకు?' అంది. కాగితం మీద ఉండే ఉంటుంది అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నా మొహం నాకే చెల్లలేదు.

ఇంటికొచ్చాక ఆ కాగితాల జిరాక్సు సంపాదించి చదివాను. రెండో పేజీలో ఉంది. అనుకున్న పద్ధతిలో సాధ్యం కాకపోతే పొట్ట కోసి చేసేందుకూ, ఇంకా అవసరమని తోచినది ఏదైనా చేసేందుకూ నాకు సమ్మతమేనని నేను రాసిచ్చాను. పొట్ట ఆమెది, సమ్మతి నాది.

ఇక విమర్శకు వస్తాను. ఆ పత్రం ఉత్తమ పురుషలో మొదలవుతుంది: నేను, నా శరీరం, నాకు వివరించారు, నేను ప్రశ్నలు అడిగాను, సమాధానాలు నాకు తృప్తినిచ్చాయి. కథల్లో కూడా ఈ 'నేను' ఉంటుంది, కానీ అక్కడ రచయిత ఒక మనిషిని ఊహించి, ఆ మనిషి గొంతులోకి వెళ్తాడు. ఇక్కడ గొంతు రోగిది, మాటలు మాత్రం ఆసుపత్రి లాయరువి. నేను ప్రశ్నలు అడిగాను అని రోగి చేత చెప్పించేవారు, ఏ ప్రశ్న అడిగిందో రాసుకునేందుకు ఒక్క గీత జాగా కూడా ఇవ్వలేదు. నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు అనే వాక్యం ఉంది. ఏ భాష అన్నది లేదు. అర్థమయ్యే భాషలో చెప్పారన్న సంగతిని అర్థంకాని భాషలో ఒప్పుకోవడం ఒక విడ్డూరం. అన్నింటికన్నా నన్ను ఆపింది 'వివరించబడినది' అన్న తరహా వాక్యం. వివరించినవారెవరు? కర్త లేడు. కర్మణి ప్రయోగం మన భాషకు పడదని వ్యావహారికవాదులు ఎందుకన్నారో నాకు ఆ రోజు బాగా తెలిసొచ్చింది. పనిచేసినవాణ్ణి వాక్యంలోంచి తప్పించడానికి అంతకు మించిన ఉపాయం లేదు.

మా వృత్తిలో ఇలా కుదరదు. అప్పు పత్రాలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి. అప్పు తీసుకునేవాడు ఇంగ్లీషు తెలియనివాడైతే, పత్రం చివర ఒక ధ్రువీకరణ రాయాలి: ఈ పత్రంలోని సంగతులు ఫలానావారికి ఫలానా భాషలో చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పాను, వారు అర్థం చేసుకుని నా ఎదుట సంతకం చేశారు అని. దాని కింద చదివి వినిపించినవాడు తన పేరు రాసి సంతకం పెడతాడు. వేలిముద్ర వేసేవాడూ, తన భాషలో సంతకం పెట్టేవాడూ మా లెక్కలో ఒక్కటి కాదు. తెలుగులో సంతకం చేసేవాణ్ణి నిరక్షరాస్యుడని ఏ గుమాస్తా అయినా రాస్తే ఆడిటరు ఊరుకోడు. నేను కొత్తగా చేరినప్పుడు ఛత్రపూర్ దగ్గర ఒక బ్రాంచిలో, పాడి గేదెల అప్పు కాగితాలకు ఆ ధ్రువీకరణ లేదని మా మేనేజరు ఇరవై ఏడుగురిని మళ్లీ పిలిపించాడు. తెలుగువాళ్లకు తెలుగులో, ఒడియావాళ్లకు ఒడియాలో మధ్యాహ్నమంతా చదివి వినిపించి గొంతు బొంగురు పోయింది. ఆయన మీద అప్పట్లో చాలా కోపం వచ్చింది. అదంతా రైతు మీద ప్రేమతో చేసిందేమీ కాదని చెప్పుకోవాలి. రేపు కోర్టులో ఆ మనిషి నాకు తెలియక పెట్టానంటే బ్యాంకు డబ్బు పోతుంది, ఆ భయం. కానీ భయం వల్లనైనా ఆ ఇరవై ఏడుగురు తాము దేనికి సంతకం పెట్టారో విన్నారు. ఒక గేదె అప్పుకు ఉన్న ఈ మర్యాద మా పిన్ని పొట్టకు దొరకలేదు. అది ఇవ్వనివాళ్లలో నేనూ ఒకణ్ణి.

చట్టం ఈ విషయం ఎరగదా అంటే, ఎరుగును. 2008లో సుప్రీంకోర్టు ఒక ఢిల్లీ కేసులో తీర్పు చెప్పింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన స్త్రీకి, బయట ఉన్న తల్లి చేత సరేననిపించుకుని గర్భసంచీ తీసేశారు. ఆమె వయసొచ్చిన మనిషి, మత్తు దిగాక తన సంగతి తాను చెప్పుకోగలదు, ప్రాణం మీదికి వచ్చిన తొందరా లేదు, కనుక తల్లి ఒప్పుకోలు చెల్లదని కోర్టు అన్నది. జబ్బు ఏమిటి, చేసేది ఏమిటి, వేరే దారి ఉందా, చెయ్యకపోతే ఏమవుతుంది, ఇవి రోగికి తెలిస్తేనే అది సమ్మతి అన్నది. అంతకు ముందు 1995 నవంబరులో ఇదే కోర్టు, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని చెప్పింది. మా బ్యాంకులకు అంబుడ్స్‌మన్ వచ్చింది కూడా ఆ 1995లోనే. 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి వేసిన కేసులో, రైలు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కూలిని కలకత్తా ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తరవాత ఒకటి మంచం లేదని తిప్పి పంపడం, జీవించే హక్కును కాలరాయడమేనని తీర్పు వచ్చింది. ఆ కూలి తరఫున కోర్టుకు వెళ్లింది డాక్టరూ కాదు, లాయర్ల సంఘమూ కాదు. వ్యవసాయ కూలీల సంఘం. రోగి పక్కన నిలబడేవాళ్లంటే ఎవరన్నదానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ అదే.

ఇలాంటి తీర్పులూ, జనస్వాస్థ్య అభియాన్ వంటి ప్రజారోగ్య ఉద్యమాలు ఏళ్ల తరబడి చేసిన పనీ కలిసి, నేను రెండో రచన అన్న హక్కుల పట్టికగా తేలాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేయించిన ముసాయిదాను 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రజల ముందు పెట్టింది. అందులో 17 హక్కులున్నాయి. 2019లో రాష్ట్రాలకు అమలు చెయ్యమని పంపేటప్పటికి అవి 13 అయ్యాయి. ఆరోగ్యం రాష్ట్రాల జాబితాలోది కనుక ఎవరి తీరు వారిది.

ముసాయిదాను నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. మంచి రచన. సర్కారు రాతల్లో ఇంత సూటిగా ఉన్నవి అరుదు. ప్రతి హక్కు కిందా అది నెరవేర్చవలసిన బాధ్యత ఎవరిదో రాశారు, వైద్యుడిదా, ఆసుపత్రి యాజమాన్యానిదా అని. జంట పద్దు నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నాకది వెంటనే కంటికి ఆనింది: ఒకరి ఖాతాలో జమ రాస్తే మరొకరి ఖాతాలో ఖర్చు రాయాలి, లేకపోతే లెక్క తేలదు. రోగికి సమాచారం ఆమె స్థాయికి తగ్గట్టుగా, ఆమెకు తెలిసిన భాషలో చెప్పాలని మొదటి హక్కులోనే ఉంది. వివక్ష కూడదన్న చోట మతం, కులం, లింగం, వయసులతో పాటు భాషాపరమైన మూలం కూడా చేర్చారు. కేస్ కాగితాలు ఆసుపత్రిలో ఉండగా 24 గంటల్లోనూ, ఇంటికి వెళ్లాక 72 గంటల్లోనూ ఇవ్వాలన్నారు. నేను జిరాక్సు కోసం పదకొండు రోజులు తిరిగాను. ఈ 72 గంటల మాట అప్పుడు తెలియదు.

గోడ మీదికి వచ్చేసరికి ఈ రచనకు ఏమైందో చూడండి. నేను చూసిన పట్టికల్లో శీర్షికలే మిగిలాయి. సమాచారం పొందే హక్కు, రికార్డులు పొందే హక్కు, గోప్యత హక్కు, రెండో అభిప్రాయం హక్కు. క్రియ లేదు. బాధ్యత ఎవరిదన్న సగం కోసేశారు. జమ పద్దు ఉంచి ఖర్చు పద్దు చింపేసిన లెడ్జరులా ఉంది. విశాఖలో ఒక ఆసుపత్రిలో ఇది తెలుగులోనే ఉంటే ఆశగా దగ్గరికి వెళ్లి చదివాను. 'ఉపశమన', 'పారదర్శకత', 'పరిహార యంత్రాంగం' - అచ్చమైన తెలుగు లిపి! అంతవరకే. ఎవరికి ఫిర్యాదు చెయ్యాలో, ఏ గదికి వెళ్లాలో లేదు.

రోగితో మాట్లాడడం తెలుగుకు చేతకాక ఇలా అయిందనుకుంటే పొరపాటు. మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ మొదట స్పానిష్‌లో రాసిన పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వారు 'వైద్యుడు లేనిచోట' అని తెలుగులోకి తెచ్చారు. బొమ్మలతో, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు ఉంటుంది. స్త్రీలే పూనుకుని స్త్రీల కోసం తయారుచేసిన 'సవాలక్ష సందేహాలు' 1991లో వచ్చింది. అందులో ఒంటి గురించి సిగ్గుపడకుండా, అలాగని డాంబికంగానూ కాకుండా రాశారు. మా పిన్ని దగ్గర ఈ రెండు పుస్తకాలూ ఉన్నాయి, అట్టలు ఊడిపోయి. ఆ భాష ముప్పై ఏళ్ల కిందటే సిద్ధంగా ఉండగా, గోడ మీద పట్టిక రాసినవారు గెజిట్ భాషకు ఎందుకు వెళ్లారు? చదివేవాళ్లు చదవాలని రాయలేదు, తనిఖీకి వచ్చేవారు చూడాలని రాశారు. నాకు తోచిన కారణం ఇదే.

అయితే బోర్డును మంచి తెలుగులో రాసి ఒడిశాలోనో తమిళనాడులోనో పెట్టించుకుంటే మన పని అయిపోతుందని నేను కూడా కొన్నాళ్లు అనుకున్నాను. 2022లో విశాఖలో జరిగిన ఒక సంగతి నా ఆలోచన మార్చింది.

ఒక సహోద్యోగిని చూడడానికి అక్కడి ఆసుపత్రికి వెళ్లాను. ఓపీ వరండాలో రాయగడ వైపు నుంచి వచ్చిన ఒక ముసలావిడ, ఆమె మనవడు ఉన్నారు. దక్షిణ ఒడిశా జనానికి పెద్ద జబ్బంటే విశాఖే దిక్కు కదా. ఆవిడ మాట కువి. కుర్రాడికి కువి, ఒడియా వచ్చు, తెలుగు రాదు. జూనియర్ డాక్టరమ్మాయికి ఒడియా రాదు. నాకు రెండూ వచ్చని తెలిసి నన్ను మధ్యలో నిలబెట్టారు. ఆవిడ చాలాసేపు, పొట్ట మీద చెయ్యి అటూ ఇటూ జరుపుతూ ఏదో చెప్పింది. కుర్రాడు దాన్ని 'పేట బింధుఛి' అన్నాడు. నేను 'కడుపు నొప్పట' అన్నాను. అంత మాటా రెండు గుమ్మాలు దాటేసరికి రెండు ముక్కలైంది. డాక్టరమ్మాయి చురుకైనది, వదల్లేదు. 'ఎలాంటి నొప్పండీ? పోటా, మంటా, సలుపా, మెలిపెడుతోందా? వచ్చిపోతోందా, ఒకటే పట్టుగా ఉందా?' అని అడిగింది. పుట్టినప్పటి నుంచీ ఒడియా మధ్య బతికినవాణ్ణి, బజారు ఒడియా, బ్యాంకు ఒడియా నాకు కొట్టిన పిండి. సుధ అంటే వడ్డీ, కిస్తీ, జామీను అన్నీ వచ్చు. సలుపుకూ పోటుకూ తేడా చెప్పే ఒడియా మాట నా నోటికి రాలేదు. చేతులతో చూపించాను. కుర్రాడు అర్థమైనట్టు తలూపి, నాయనమ్మను ఒక చిన్న మాట అడిగి, 'హఁ' అన్నాడు. ఏదానికి హఁ?

నొప్పికి మనకున్నన్ని మాటలు లెక్కపెట్టి చూడండి. పోటు, సలుపు, తీపులు, పీకు, గుంజు, మంట, నులి, కలుక్కుమనడం, జివ్వుమనడం. ఇవి పర్యాయపదాలు కావు, ఒక్కోటి ఒక్కో కబురు. అనుభవమున్న డాక్టరుకు సగం రోగ నిర్ణయం వీటిలోనే ఉంటుంది. మనం కళ్లు తిరుగుతున్నాయంటాం, ఒడియావాడు ముండ బులౌఛి, తల తిరుగుతోంది, అంటాడు. మాటకు మాట మార్చి చెబితే కంటి డాక్టరు దగ్గరికి చీటీ రాస్తారు. నేను నవ్వులాటకు అనడం లేదు, మా వీధిలో ఒకాయనకు జరిగింది. బీపీ ఎక్కువై కళ్లు తిరిగితే, తెలుగు అంతంతమాత్రం వచ్చిన కోడలు చెప్పిన మాట మీద కళ్లు చూపించుకుని ఇంటికొచ్చాడు. హొసూరు నుంచి బెంగళూరు వెళ్లేవారికి, షోలాపూర్ నేతవాళ్లకు ఇలాంటివి వాళ్లవే ఉండి ఉంటాయి. రాసి పంపితే బాగుంటుంది.

ఆ వరండాలో నాకు ఇంకొకటి కూడా తెలిసింది. అక్కడ గోడ మీది పట్టిక తెలుగులో ఉంది, ఇంగ్లీషులో ఉంది. ఆ కువి ముసలావిడ దాని కిందే కూర్చుని ఉంది. భువనేశ్వర్‌లో మా పిన్ని ఎక్కడుందో, విశాఖలో ఆవిడ అక్కడే ఉంది. మనం ఒక ఊళ్లో అల్పసంఖ్యాకులం, ఇంకో ఊళ్లో ఆసుపత్రివాళ్లం. మన సంఘాల సభల్లో మనకు జరిగే అన్యాయం గురించి ఉపన్యాసం ఇచ్చేటప్పుడు ఈ రెండోది ఎవరికీ గుర్తుండదు.

భాషా అల్పసంఖ్యాకులకు ప్రభుత్వం ఏమీ అనుకోలేదని కాదు. 1956 నాటి కేంద్ర మెమొరాండంలో, ఏ మునిసిపాలిటీలోనో తాలూకాలోనో అల్పసంఖ్యాకుల భాషవాళ్లు నూటికి 15, 20 మంది ఉంటే, ముఖ్యమైన ప్రకటనలూ నియమాలూ ఆ భాషలో కూడా వేస్తే మంచిదని ఉంది. ఆ మాటను పట్టుకుని మనవాళ్లు బడుల కోసం, పాఠ్యపుస్తకాల కోసం అర్జీలు పెట్టారు. ఆసుపత్రి కోసం పెట్టిన అర్జీ నేను వినలేదు. బ్యాంకుల్లో కూడా ఫారాలు ఇంగ్లీషు, హిందీ, ఆ రాష్ట్ర భాష, ఈ మూడింటిలో ఉండాలంటారు. బరంపురంలో ఆ మూడో గడి ఒడియాది. తెలుగుకు నాలుగో గడి లేదు, రేపు వస్తుందన్న భ్రమ నాకు లేదు. అచ్చువేసిన కాగితం అన్ని భాషల్లోకీ ఎప్పటికీ రాదు. కువిలోకి అసలే రాదు. అందుకే మా బ్యాంకు ధ్రువీకరణ నాకు బోర్డుకన్నా విలువైనదిగా కనిపిస్తుంది. కాగితం ఏ భాషలోనైనా ఉండనీ, ఒక మనిషి దాన్ని చదివి, ఈ మనిషికి ఈ భాషలో చెప్పాను అని తన పేరు కిందపెట్టి పూచీ పడాలి. అలా చెయ్యడానికి ఆసుపత్రికి కావలసింది ఒక గీత, ఒక మనిషి. పెద్ద ఆసుపత్రుల పత్రాల్లో కొన్నింట్లో దుబాసీ సంతకానికి గీత ఉంది. నేను చూసిన రెండింట్లోనూ అది ఖాళీగా ఉంది.

మనిషిని ఎక్కడినుంచి తెస్తారని అడుగుతారు. వేలూరు వెళ్లినవారు చూసే ఉంటారు, ఆసుపత్రి చుట్టుపక్కల లాడ్జీల బోర్డులు తెలుగులోనూ బెంగాలీలోనూ ఉంటాయి. గది అద్దెకిచ్చేవాడూ, ఆటోవాడూ రోగి భాషను ఎప్పుడో నేర్చుకున్నారు. డబ్బు తెచ్చే రోగి అయితే భాష అడ్డం కాదన్నమాట.

మన వంతు కూడా కొంత ఉంది. మన తెలుగు సంఘాలు ఉగాది చేస్తాయి, అవధానం పెట్టిస్తాయి, ఏడాదికోసారి వైద్య శిబిరం అని బీపీ, షుగరు చూసి పంపిస్తాయి. శిబిరంలో తేలిన జబ్బుకు మర్నాడు పెద్దాసుపత్రికి వెళ్లే మనిషి వెంట ఎవరూ ఉండరు. మా సంఘంలో నేను కోశాధికారిని, కనుక ఈ విమర్శ నా మీద నేను చేసుకుంటున్నదే. గత మూడేళ్లుగా మేం ఏడుగురం, ఇద్దరు రిటైర్డు టీచర్లు, ఒక ఎల్ఐసీ ఏజెంటు, మిగతావాళ్లం బ్యాంకువాళ్లం, వంతులేసుకుని ఆసుపత్రులకు తోడు వెళ్తున్నాం. మందు గురించి మేం మాట్లాడం. రోగి అన్న మాటను కుదించకుండా చెప్పడం, డాక్టరు అన్న మాటను కుదించకుండా చెప్పడం, అంతే. ఇది చూసినంత తేలిక కాదు. మొదట్లో మాలో ప్రతివాడూ, ఆమె భయపడుతుందని కొంత, డాక్టరుకు టైము లేదని కొంత మింగేసేవాళ్లం. భువనేశ్వర్ వరండాలో నేను చేసింది అదే. ఒకసారి క్యాన్సరు అన్న మాట చెప్పొద్దని కొడుకులు మమ్మల్ని బతిమాలారు. ఆ రోగే మా టీచరు గారి చెయ్యి పట్టుకుని, 'అసలు మాటేటో నువ్వైనా చెప్పు నాయినా' అన్నాడు. ఆయన డాక్టరును మళ్లీ పిలిపించి, డాక్టరు చేతే చెప్పించి, ముక్క ముక్కా తెలుగు చేశారు. కొడుకులు ఇప్పటికీ మాతో మాట్లాడరు.

పిన్ని సంగతి ముగించాలి. 2023లో ఆమెకు కంటి ఆపరేషన్ అవసరమైంది, ఈసారి బరంపురంలోనే. మళ్లీ ఇంగ్లీషు పత్రమే. ఈసారి ముందు రోజే కాగితం అడిగి తీసుకుని, ఇంటి దగ్గర కూర్చుని, తెలుగు చేసి ఒక తెల్ల కాగితం మీద రాశాను. చివర మా బ్యాంకు పద్ధతిలో, పై సంగతులు ఫలానావారికి తెలుగులో చదివి వినిపించాను అని రాసి నా సంతకం పెట్టాను. పిన్ని, 'నువ్వు చదవడమేటి, నాకు రాదేటి?' అని కాగితం లాక్కుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, బాగున్న కంటితో చదివింది. రెండు ప్రశ్నలు అడిగింది. ఒకదానికి నాకు జవాబు తెలియక డాక్టరుకు ఫోను చేశాను. లోపల పెట్టే అద్దం ఎన్నాళ్లుంటుందన్నది ఆ ప్రశ్న. తరవాత పెన్సిలు తీసుకుని, నేను రాసిన 'నేత్ర శస్త్రచికిత్స' కొట్టేసి 'కంటి ఆపరేషన్' అని రాసింది. 'వినిపించాను' కూడా కొట్టేసి 'చదివించాను' చేసింది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, సంతకం పెట్టింది.

ఆసుపత్రి గుమాస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మా ఫారం కాదే అన్నాడు. జత చెయ్యండి అన్నాను. నెల తరవాత కేస్ కాగితాల జిరాక్సు తీసుకున్నప్పుడు అది అందులో ఉంది, ఇంగ్లీషు పత్రం వెనక, ఫైలు తాడు కోసం రెండు చిల్లులు పొడిచి. ఒక చిల్లు సరిగ్గా ఆమె ఇంటిపేరు మీద పడింది. పిన్నికి చూపిస్తే, 'వీళ్లకి చిల్లులు పెట్టడం మాత్రం బాగా వచ్చురా' అంది.